పూర్వజన్మపు పాట

కాళిదాసుని శాకుంతలమున ఐదవ అంకారంభమందు తెరలోపలినుండి ఒక పాట వినవచ్చును. పాడునది హంసపదిక, వినువాడు దుష్యంతుడు. తనకు ఏ కొరతయు లేకున్నను పాట విన్నంతనే మనసు కలతపడుటయేమని రాజు విస్తుపోవును. ఇది ఏ గతజన్మపు చెలిమియో కాబోలునని సరిపెట్టుకొనును. చూచుచున్న మనకు మాత్రము గుట్టు తెలియును. ఆతడు మరచినది గతజన్మను గాదు, కణ్వాశ్రమమున తాను చేపట్టిన శకుంతలను. దుర్వాసుని శాపము పేరును తుడిచివేసినది, నొప్పిని మిగిల్చినది.

పూర్వజన్మస్మృతి యని మనము పిలుచుదానిలో ఈ జన్మమున విన్న మాటల పాలెంత? మన దేశపు చలనచిత్రములలో ఈ ప్రశ్నను నిర్దాక్షిణ్యముగా అడిగినది 1949లో వెలువడిన ‘మహల్’ అను హిందీ చిత్రమని మా యభిప్రాయము. దానిని తీసినవారు బొంబాయిలోని బాంబే టాకీస్ వారు. కథారచయిత కమాల్ అమ్రోహీకి దర్శకుడుగా అదియే మొదటి చిత్రము. జర్మనీనుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన జోసెఫ్ వీర్షింగ్ ఛాయాగ్రహణము నెరపెను. వెలుతురుకంటె చీకటినే ఎక్కువగా చిత్రించెనన్నచో అతిశయోక్తి కాదు.

తమ కుటుంబమునకు క్రొత్తగా దక్కిన పాతభవనమునకు హరిశంకరుడు ఒక గాలివాన రాత్రి వచ్చును. ముసలి తోటమాలి దీపము చేతబట్టి ఆ ఇంటి కథ చెప్పును. పూర్వము దానిని కట్టించినవాడు రాత్రివేళ వచ్చి తెల్లవారకముందే వెడలిపోయెడివాడట. ఆతనికై కామిని అనునామె కనిపెట్టుకొని యుండెడిదట. ఒకనాడు ఆతడు నీట మునిగిపోగా, కొలది దినములకు ఆమెయు పోయినదట. తోటమాలి మాట ముగిసిన పిమ్మట హరిశంకరుని కంటికి ఒక పటము కనబడును. అందలి ముఖము తన ముఖమే! ఆ మీదట గడియారము గంట కొట్టును. ఎక్కడనో ఒక స్త్రీ పాడును.

కథ ముందు, పటము తరువాత, పాట ఆ పిమ్మట: ఈ వరుసను శ్రోతలు గమనింపవలెను. హరిశంకరునికి ఆ ఇంటితోపాటు సంక్రమించినది జ్ఞాపకము కాదు, జ్ఞాపకమువంటి ఒక కథ. దానిని ఆతడు తన సొంతము చేసికొనెను. వివాహమాడియు భార్య రంజన ముఖము చూడడు. ఆమె విసిగి, విషము త్రాగి, పోలీసు స్టేషనుకు నడిచిపోయి, భర్తయే విషమిచ్చెనని చెప్పి కన్నుమూయును. అప్పుడు న్యాయస్థానమున నిజము బయటపడును. కామినిగా తిరిగినది దయ్యము గాదు, తోటమాలి కుమార్తె ఆశ. ఆ కథ వినివినియే ఆమెయు కామినియైనది. హరిశంకరునికి ఉరి తప్పును గాని ప్రాణము దక్కదు. ఈ చిత్రమును ప్రేమకథగా మెచ్చుకొనువారు రంజనను తరచుగా మరచిపోవుదురు. ఎవరిదో పాతవిరహమునకు మూల్యము చెల్లించినది ఆమెయే గదా!

మేము మైక్రోఫోనుతో బ్రదుకువారము గనుక ఆ పాటను గూర్చి నాలుగు మాటలు చెప్పక మానలేము. పాడిన లతా మంగేష్కర్‌కు అప్పటికి 20 ఏండ్లు నిండలేదు. తెరపై కనిపించు మధుబాల వయస్సు 16. గొంతు దూరమునుండి దగ్గరకు వచ్చుచున్నట్లు వినిపింపవలెను. అందుకు తగిన యంత్రసాధనములు నాడు లేవు. గది నడుమ మైకు నిలిపి, గాయని ఒక మూలనుండి సాకీ పాడుచు మెల్లమెల్లగా నడచి, పల్లవి అందుకొను వేళకు మైకును చేరెనట. ఈ సంగతి పిమ్మట లతాయే చెప్పినారు. మనము దయ్యపు రాకడ యనుకొన్నది ఒక యువతి అడుగుల చప్పుడు వినబడకుండ నడచిన నడక!

సంగీత దర్శకుడు ఖేమ్‌చంద్ ప్రకాశ్ ఆ విజయమును చూడలేదు. ఆయన 1949 ఆగస్టులో మరణించెను. చిత్రము అక్టోబరులో విడుదలైనది. గ్రామఫోను రికార్డుపై గాయని పేరును లేదు. పాత్ర పేరైన ‘కామిని’ అనియే అచ్చువేసిరి. పాడినదెవరని శ్రోతలు రేడియోకు ఉత్తరములు వ్రాయగా, కంపెనీనుండి పేరు తెప్పించి ప్రకటింపవలసి వచ్చెను. లేని స్త్రీ పేరు రికార్డుపైకెక్కినది, ఉన్న స్త్రీ పేరు జాబులు వ్రాసి రాబట్టవలసినది.

‘మహల్’ కూర్పరి బిమల్ రాయ్. ఆయనయే 1958లో ‘మధుమతి’ తీసెను. కథ ఋత్విక్ ఘటక్‌ది. మరల గాలివాన, పాతభవనము, పటము. ఇచ్చటను చనిపోయిన మధుమతివలె నటించుటకు, ఆమెను పోలిన మాధవి అను యువతిని నియోగింతురు. అయితే మాధవి వచ్చునది ఆలస్యముగా. అంతకుముందే వచ్చి హంతకుని నిలదీసినది నిజమైన మధుమతియే! తాను కూర్చిన చిత్రమునకు బిమల్ రాయ్ ఇట్లు ఎదురుజవాబు చెప్పెనని మాకు తోచును. ప్రేక్షకులకు ఈ జవాబే ప్రియమైనది. ఫిలింఫేర్ వారు నేపథ్యగానమునకు 1959లో తొలిసారిగా ఒసగిన బహుమానము ఈ చిత్రమునందలి పాటకే, ఆ లతా మంగేష్కర్‌కే లభించినది.

తెలుగున ఈ ఇతివృత్తము గోదావరిపై పడవయెక్కినది. ఆదుర్తి సుబ్బారావు 1964లో తీసిన ‘మూగమనసులు’ నెరుగని ఇల్లు మనలో అరుదు. సుడిగుండము దగ్గరపడగానే క్రొత్త పెండ్లికొడుకు కలవరపడును. కాని పాతకథ యావత్తు మనకు తెలియునది ఆతని నోట గాదు, ముదుసలియైన గౌరమ్మ నోట. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి మరల పుట్టివచ్చిన జంట. జమున ధరించిన గౌరమ్మ మాత్రము చావక, మరువక, ఆ ఒడ్డుననే ముసలిదైనది. ‘మహల్’లోని తోటమాలి పని ఇచ్చట ఆమెది, అయితే ఆమె చెప్పునది తాను చూచినది, తాను పోగొట్టుకొన్నది. ఆదుర్తియే దీనిని 1967లో ‘మిలన్’ అను పేర హిందీలో తీసినప్పుడు నాయికానాయకులుగా నూతన్, సునీల్ దత్ వచ్చిరి. గౌరమ్మ వేషమునకు మాత్రము జముననే పిలిచిరి.