ఈ ఒడ్డున ఒక ఊరుండేది

జనవరి వస్తే మిన్నెసోటా రాష్ట్రం మినియాపోలిస్ నగరంలోని బిడే మకా స్కా సరస్సు ఒడ్డు నుంచి ఒడ్డుకు గడ్డకట్టేస్తుంది. పొద్దున్నే మా కుక్క రాణిని తీసుకుని దాని గట్టు వెంట నడుస్తాను. బాటల మీద చల్లే ఉప్పు అరికాళ్లను మండిస్తుంది కాబట్టి రాణికి నాలుగు కాళ్లకూ చిన్న బూట్లు తొడగాల్సిందే. చేపలు పట్టేవాళ్లు ఐసులో గుండ్రటి కన్నం తొలుస్తుంటే, పైకి ఉబికిన నీళ్లను వాసన చూస్తుంది. చలికి ఐసు బిగుసుకుని లోపలి నుంచి పెద్ద మోత వస్తే చెవులు నిక్కబొడుచుకుని నిలబడిపోతుంది.

ఇప్పుడు ఖరీదైన ఇళ్లు వరసతీరిన ఈ గట్టున ఒకప్పుడు డకోటా అనే మూలవాసుల ఊరుండేది. వేటకెళ్లి మంచు తుపానులో చావు తప్పించుకుని వచ్చిన క్లౌడ్ మ్యాన్ అనే పెద్ద, ఇక వేటనే నమ్ముకుంటే బతకలేమని 1829లో తనవాళ్లను ఇక్కడికి చేర్చి మొక్కజొన్న వేయించాడంటారు. పదేళ్లు సాగింది ఆ సేద్యం. పొరుగు ఒజిబ్వే తెగతో పోరు ముదిరి, దాడుల భయంతో 1839లో ఊరు ఖాళీ అయింది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. 1851 ఒప్పందాలతో దక్షిణ మిన్నెసోటాలో డకోటాల భూమి దాదాపు అంతా అమెరికా ప్రభుత్వం తీసుకుంది. ఇస్తామన్న సొమ్ములో పెద్ద వాటాను వ్యాపారులు పాత బాకీల పేరుతో లాగేసుకున్నారు. 1862 వేసవిలో ఆ ఏటి సొమ్ము ఆలస్యమైంది. పిల్లలు ఆకలితో మాడుతున్నా వ్యాపారులు తిండి అప్పివ్వలేదు. ఆగస్టులో యుద్ధం మొదలైంది. వలస వచ్చిన తెల్లవాళ్లు వందల మంది డకోటాల చేతిలో చనిపోయారు. కొద్ది వారాల్లోనే డకోటాలు ఓడిపోయారు. డిసెంబరు 26న మాంకేటోలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. అమెరికా చరిత్రలో అంత పెద్ద సామూహిక ఉరి మరొకటి లేదు.

ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే ఎక్కువగా ఉన్న సుమారు 1,600 మంది డకోటాలను ఆ చలికాలమంతా ఫోర్ట్ స్నెల్లింగ్ కోట కింద, నది పక్కన కంచె కట్టి ఉంచారు. జబ్బులతో వందకు పైగా చనిపోయారు. 1863లో మిగిలినవాళ్లను పడవలెక్కించి రాష్ట్రం దాటించారు.

ఆ కోట కట్టించినప్పుడు యుద్ధమంత్రిగా ఉన్నవాడు జాన్ కాల్హూన్. తర్వాత ఉపాధ్యక్షుడయ్యాడు. బానిసత్వం మేలైనదని వాదించాడు. ఈ సరస్సుకు తరాల తరబడి ఉన్నది అతని పేరే. డకోటాలూ, వాళ్లకు తోడైన నగరవాసులూ పట్టుబట్టగా 2018లో రాష్ట్ర ప్రభుత్వం పాత డకోటా పేరు తిరిగి పెట్టింది. కొందరు కోర్టుకెక్కినా, 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది.

మన అమ్మానాన్నలు పిల్లల్ని చూడ్డానికి వచ్చి దిగే విమానాశ్రయం ఆ కోట పక్కనే ఉంది. ఈ నేల మీద ఇల్లు కొనుక్కుని పిల్లల్ని పెంచుకుంటున్న మనకు ఈ చరిత్ర తెలిసుండాలి. అమ్మానాన్నలూ, మీరు ఈసారి ఇటు వస్తే మాల్ ఆఫ్ అమెరికా చూసేసి వెళ్లిపోకండి. అక్కడికి దగ్గర్లోనే, కోట దిగువన డకోటాల స్మారకం ఉంది. మనవల్ని వెంటబెట్టుకుని ఒక్కసారి వెళ్లి రండి.