శ్వేతసౌధానికి లాటినోలు ఎంత దూరం?

అమెరికా అధ్యక్షపదవికి లాటినో ఎన్నడెన్నికౌతారని అడిగితే చాలామంది జనాభా లెక్కలు చూపిస్తారు. 2020 గణనలో వారు 6.2 కోట్లు, దేశజనాభాలో దాదాపు 19 శాతం. చరిత్ర తిరగేస్తే మాత్రం నాకా లెక్క అంత సూటిగా కనబడదు.

1980లో బెన్ ఫెర్నాండెజ్ రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోరి విఫలుడయ్యాడు. 2008లో న్యూమెక్సికో గవర్నరు బిల్ రిచర్డ్‌సన్ డెమొక్రాట్ల పక్షాన బరిలోకి దిగాడు. బాల్యం గడిచింది మెక్సికో నగరంలో. పేరు మాత్రం ఆంగ్లేయునిది. తొలి పోటీలు జరిగే అయొవా, న్యూహాంప్‌షైర్‌లలో లాటినోలు బహు తక్కువ. అవి ముగియగానే ఆయన తప్పుకొన్నాడు. 2020లో హూలియన్ కాస్ట్రో అయొవా దాకానైనా నిలవలేదు.

చిత్రమేమంటే, 2016లో అదే అయొవా రిపబ్లికన్ పోటీలో క్యూబా సంతతివాడైన టెడ్ క్రూజ్ నెగ్గాడు. గెలిపించింది లాటినోలు కాదు, ప్రధానంగా సువార్తిక క్రైస్తవులు.

అసలు 'లాటినో' అన్నది ఒక గొడుగు. కాస్ట్రో పాలన నుండి పారిపోయివచ్చిన మయామీ క్యూబనుకూ, 1848 ఒడంబడికతో ఊరు కదలకుండానే దేశం మారిన న్యూమెక్సికో కుటుంబానికీ రాజకీయస్మృతి ఒకటి కాదు. ప్వెర్టోరికో ద్వీపవాసులకైతే పౌరసత్వమున్నా అధ్యక్షుణ్ణి ఎన్నుకొనే ఓటే లేదు.

2025లో మార్కో రూబియో విదేశాంగమంత్రి అయినాడు గనుక ఆ పీఠం అందరానిది కాదనే నా నమ్మకం. అయితే ఇతరుల ఓట్లతో గెలిచినవాణ్ణి లాటినోలలో ఎందరు తమవాడనుకొంటారు? నన్ను వేధించే ప్రశ్న అదే.