తొలి పైపు ఏది మంచిది?

మా తమ్ముడి కొడుకు మొన్న ఇంటికి వచ్చి, "సిగరెట్టు మానేసి పైపుకు మారుదామనుకుంటున్నాను పెదనాన్నా, కొత్తవాడికి ఏ రకం మంచిది?" అని అడిగాడు. మీలో కొందరికీ ఈ ఆలోచన వచ్చి ఉండవచ్చు. పైపు చరిత్ర ఒకసారి చూడండి.

16వ శతాబ్దం చివర ఇంగ్లండులో పొగ తాగినవారు కాల్చిన తెల్లమట్టి పైపులే వాడారు. పొగాకు చాలా ఖరీదు గనుక పైపు గిన్నె చిన్నదిగా ఉండేది. ధర తగ్గిన కొద్దీ గిన్నె పెరిగింది. మట్టి త్వరగా వేడెక్కుతుంది. పొగ చల్లబడుతుందని కాడను పొడవు చేశారు, పెదవికి అంటుకోకుండా కొనకు మైనం పూశారు. ఆ కాడను ఏళ్ల తరబడి కరచి పట్టినవారి పళ్లు అరిగి గుండ్రని సందు పడేది. పాత శ్మశానాల తవ్వకాలలో బయటపడిన దవడలలో ఆ గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది.

తరువాత సంపన్నులు మీర్షామ్ పైపులను కోరుకున్నారు. ఇది టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో దొరికే తేలికైన తెల్లని ఖనిజం. పొగలోని తేమను, తారును పీల్చుకొని క్రమంగా తేనెరంగుకు, ఆపై గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఎంత సమంగా దిగితే యజమానికి అంత గర్వం! నా చూపు మాత్రం వేరు. రాయికి రంగు వేసిన ఆ తారే ఆయన నాలుకమీదికీ చేరింది కదా.

19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులోని సాన్‌క్లోద్ పట్టణపు పనివారు బ్రయర్‌ను చేపట్టారు. మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద వేరు మొదట్లో ఉండే బుడిపె అది. ఉడికించి, ఆరబెట్టి చెక్కుతారు, తేలికగా కాలదు. కొత్తవారికి దుకాణదారు నేటికీ మొదట చూపేది దీనినే.

పెదవి క్యాన్సరు పైపు తాగేవారిలో ఎక్కువగా కనిపిస్తున్నదని జర్మన్ శరీరశాస్త్రవేత్త సోమెరింగ్ 1795లోనే రాశాడు. అప్పటికి బ్రయర్ వాడుకలో లేదు. తప్పంతా వేడిమట్టిదే అనుకోవచ్చు. అయితే బ్రయర్ వచ్చి వందేళ్లు దాటాక, 1964లో, అమెరికా సర్జన్ జనరల్ నివేదిక కూడా పైపును పెదవి క్యాన్సరుకు కారణంగానే గుర్తించింది. గిన్నె మారింది, అందులో కాలేది మారలేదు.

"నేను పొగను లోపలికి పీల్చను" అంటారు కొందరు. పైపు పొగకు క్షారగుణం ఎక్కువ. నికోటిన్ నోటి పొరల నుంచే రక్తంలో కలుస్తుంది. పైగా సిగరెట్టు నుంచి మారినవారిలో చాలామంది పాత అలవాటు కొద్దీ పీలుస్తూనే ఉంటారు.

మావాడిని ఆదివారం మళ్లీ రమ్మన్నాను. రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతున్నాడో లెక్క రాసుకొని వస్తాడు; నికోటిన్ గమ్ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో అప్పుడు చూస్తాను.