క్లచ్‌కు సరిపడే నూనె

టూ స్ట్రోక్ బండి గేరుబాక్సులో ఏ ఆయిల్ పోయాలన్నది ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం వైపు ఇప్పటికీ తెగని తగవే. యమహా ఆర్‌ఎక్స్ 100లు, యెజ్డీలు, పాత రాజ్‌దూత్‌లు ఇంకా మిగిలి ఉన్న చోట ఒకరు తొంభై గేరు ఆయిల్ అంటారు, ఒకరు నలభై ఇంజిన్ ఆయిల్ చాలంటారు, ఇంకొకరు పెట్రోలులో కలపగా డబ్బాలో మిగిలిన 2టీ పోసేసి పని కానిస్తారు. నేను చెప్పదలచినది ఒక్కటే. గేరుబాక్సు గదిలోని గేరు పళ్లు ఏ మంచి నూనెతోనైనా సర్దుకుపోతాయి. సర్దుకోలేనిది వాటి పక్కనే అదే నూనెలో మునిగి ఉండే క్లచ్. కాబట్టి నూనెను గేర్లను చూసి కాదు, క్లచ్‌ను చూసి ఎంచుకోవాలి. ఈ రెండూ ఒకే గదిలోకి ఎలా చేరాయో తెలిస్తే తగవులో సగం అక్కడే తేలిపోతుంది.

మొదలు ఇంగ్లండులోని బాత్ పట్టణంలో ఉంది. అక్కడ జోసెఫ్ డే 1891 ప్రాంతంలో ఒక టూ స్ట్రోక్ ఇంజిన్ చేశాడు. అందులో పిస్టన్ కింద ఉన్న క్రాంక్‌కేసే పంపులా పనిచేస్తుంది. పిస్టన్ పైకి పోతే పెట్రోలు, గాలి లోపలికి వస్తాయి, కిందికి దిగితే అవే పై గదిలోకి ఎక్కుతాయి. మరుసటి ఏడు అతని దగ్గర పనిచేసే ఫ్రెడరిక్ కాక్, పిస్టన్ అంచుతోనే ద్వారాలు మూసి తెరిచే ఏర్పాటు చేసి, వాల్వులు లేకుండా చేశాడు. ఇంత తేలిక ఇంజిన్‌కు ఒక ఖరీదు ఉంది. పంపుగా పనిచేసే గదిలో నూనె నిల్వ ఉంచడం కుదరదు, ఉంచితే అది కూడా పైకెక్కి కాలిపోతుంది. అందుకే టూ స్ట్రోక్‌లో ఇంజిన్‌కు కావలసిన నూనె పెట్రోలుతో కలిసి వచ్చి, పని చేసి, పొగై పోతుంది. చాలా ఫోర్ స్ట్రోక్ బండ్లలో అడుగున ఉన్న ఆయిలే ఇంజిన్‌నూ గేర్లనూ క్లచ్‌నూ తడుపుతుంది. టూ స్ట్రోక్‌లో మాత్రం గేరుబాక్సుకు వేరే నూనె, వేరే గది. ‘ఏ ఆయిల్ పోయాలి’ అన్న చిక్కు టూ స్ట్రోక్ వాళ్లకే రావడానికి కారణం ఇదే.

తొలినాళ్ల బండ్లలో గేరుబాక్సు ఇంజిన్‌కు దూరంగా వేరే పెట్టెగా ఉండేది. జర్మనీ కంపెనీ డీకేడబ్ల్యూ 1939లో తెచ్చిన ఆర్‌టీ 125లో ఇంజిన్, గేరుబాక్సు ఒకే పోతలో కుదిరాయి. ఇంజిన్ నుంచి క్లచ్‌ను తిప్పే ప్రైమరీ చైను, క్లచ్ కూడా గేరుబాక్సు నూనెలోకే దిగాయి. యుద్ధం తర్వాత ఆ నమూనాను దేశదేశాల్లో చేసుకున్నారు. ఇంగ్లండులో బీఎస్‌ఏ బాంటమ్ 1948లో వచ్చింది. జపానులో యమహా మొట్టమొదటి బండి వైఏ-1 కూడా దాని పోలికలోనే 1955లో వచ్చింది. అంటే మన ఆర్‌ఎక్స్ 100కు వంశం వెతికితే డీకేడబ్ల్యూ దాకా పోతుంది. చెకొస్లొవేకియా జావా అదే పద్ధతిలో వచ్చింది, 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా దాన్ని తయారు చేసి, తర్వాత యెజ్డీ పేరుతో అమ్మింది. ఇటలీ వెస్పా స్కూటరులో కూడా క్లచ్, గేర్లు ఒకే నూనెలో ఉంటాయి, బజాజ్ చేతక్ దాని సంతతే. ఎన్ని పేర్లున్నా లోపలి ఏర్పాటు ఒకటే: పళ్లు, పలకలు, ఒకే నూనె.

ఆ పలకలను ఒకసారి దగ్గర నుంచి చూడాలి. కుడి పక్క కవర్ విప్పితే ఆర్‌ఎక్స్ క్లచ్ బాస్కెట్ కనబడుతుంది. అందులో ఒక ఉక్కు పలక, ఒక రాపిడి పలక, మళ్లీ ఉక్కు, మళ్లీ రాపిడి వరసగా పేర్చి, స్ప్రింగులు బిగించి ఉంటాయి. పాత జావా, యెజ్డీ, వెస్పాలలో రాపిడి పలకలకు కార్క్ ముక్కలు అతికించి ఉండేవి. లివరు వదిలితే స్ప్రింగులు పలకలను నొక్కుతాయి, మధ్యలోని నూనె పక్కకు పిండుకుపోతుంది, రెండూ ఒకదానికొకటి పట్టుకుని కలిసి తిరుగుతాయి. నూనె పూర్తిగా పోకపోతే పట్టు జారుతుంది, అసలే లేకపోతే పలక మాడుతుంది. ఇంత సున్నితమైన లెక్క గేరు పళ్లలో లేదు. కౌతాళం మండలం నల్లరేగడి బాటల్లో, వాన పడిన నాడు, వెనక పత్తి బస్తా వేసుకుని ఫస్ట్ గేరులో సగం క్లచ్ పట్టి నడిపే బండికి ఆ పలకల మధ్య వేడి ఎంత పుడుతుందో ఊహించుకోవచ్చు. ఇక్కడి బండిలో బరువు ముందుగా పడేది క్లచ్ మీదే.

మరి తొంభై నంబరు ఎక్కడి నుంచి వచ్చింది? లారీ, జీపు, ట్రాక్టరు వెనక ఇరుసులోంచి. కారు వెనక క్రౌన్, పినియన్ గేర్లను హైపాయిడ్ పద్ధతిలో కోయడం 1926లో ప్యాకార్డ్ కార్లతో ఊపందుకుంది. అందులో పినియన్ కిందికి జరిగి ఉంటుంది కాబట్టి పన్ను పన్ను మీద పొడవునా జారుతుంది. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది. అందుకే గంధకం, భాస్వరం కలిపిన మందులు వచ్చాయి. అవి ఉక్కు మీద పల్చని పొర కట్టి లోహాన్ని లోహంతో అతుక్కోనివ్వవు. గేరు ఆయిల్ డబ్బా మీది జీఎల్-5 అన్న గుర్తు ఇలాంటి ఇరుసుల కోసమే. మోటారుసైకిల్లో హైపాయిడ్ ఎక్కడుంది? చైను వెనక చక్రాన్ని తిప్పుతుంది, గేరుబాక్సులోనివి నిలువు పళ్ల గేర్లు, ఆర్‌ఎక్స్ బలం 11 గుర్రాలు. లేని జబ్బుకు మందు పోసినట్టే. పైగా ఆ గంధకపు మందు వేడెక్కినప్పుడు కంచు బుష్‌లను తినే రకం, జావా గేరుబాక్సులో అలాంటి బుష్‌లు ఉన్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం గట్టిదే. మా తాలూకాలో ఇరవై ఏళ్లుగా తొంభై ఆయిల్‌తోనే నడుస్తున్న బండ్లు ఉన్నాయి, గేర్లు చెక్కు చెదరలేదు అంటారు. నిజమే, చెదరవు కూడా. నేను మొదటే చెప్పినట్టు పళ్లకు ఏదైనా చెల్లుతుంది. కానీ ఆ బండ్లకు క్లచ్ పలకలు ఎన్నిసార్లు మార్చారు, చలికాలం పొద్దున లివరు పట్టినా బండి ముందుకు గుంజుతోందా, న్యూట్రల్ పడడానికి ఎంత తంటా, ఇవి కూడా లెక్కలోకి రావాలి. ఈ ఇబ్బందులను క్లచ్ పాతబడిందని సర్దిచెప్పుకుంటాం తప్ప, నూనెను అనుమానించం. అన్ని గేరు ఆయిళ్లూ క్లచ్‌ను పాడు చేస్తాయని కూడా నేననను. తడి క్లచ్‌కు పనికొస్తుందని చెప్పి చేసిన గేరు ఆయిళ్లు ఉన్నాయి, అవి నిక్షేపంగా వాడుకోవచ్చు. నా అభ్యంతరం ఇరుసు కోసం పరీక్షించి, క్లచ్ కోసం ఎవరూ పరీక్షించని డబ్బా మీద.

రెండో అభ్యంతరం ఎండ. 42 డిగ్రీలు దాటే ఊళ్లో చిక్కటి నూనే మేలు, తొంభై నలభైకి రెట్టింపు కదా అంటారు. ఈ నమ్మకానికి వేర్లు ఇక్కడి ఎద్దుల బండిలో ఉన్నాయనిపిస్తుంది. ఆముదంలో గడ్డి మసి కలిపి ఇరుసుకు కందెన పెట్టిన సీమ ఇది, ఆముదం ఇక్కడి చేలల్లో పండేదే. ఆ ఆముదానికి యంత్రాల లోకంలో పెద్ద చరిత్రే ఉంది, 1909లో క్యాస్ట్రాల్ అన్న పేరు దాని ఇంగ్లీషు పేరు మీదే పెట్టారు. చెక్క ఇరుసుకు చిక్కదనమే గుణం, నిజమే. డబ్బాల మీది అంకెల కథ మాత్రం వేరు. ఇంజిన్ ఆయిల్‌కు ఒక కొలబద్ద, గేరు ఆయిల్‌కు ఇంకో కొలబద్ద. 100 డిగ్రీల వేడిలో ఇంజిన్ ఆయిల్ 40 చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్సు, గేరు ఆయిల్ 90ది 13.5 నుంచి 18.5. రెండూ ఇంచుమించు ఒకటే. గేరు ఆయిల్ 80 అయితే ఇంజిన్ ఆయిల్ 30 కంటే పల్చన కూడా కావచ్చు. కాబట్టి తొంభై పోసినవాళ్లకు అదనపు చిక్కదనం పెద్దగా దక్కలేదు, దక్కింది ఇరుసు మందు మాత్రమే.

తయారీదార్లలో కొందరు మొదటి నుంచి చెబుతున్నదీ ఇదే. వెస్పా పుస్తకం గేరుబాక్సుకు 30 నంబరు ఇంజిన్ ఆయిల్ పోయమంది, అదీ పావు లీటరు. యమహా తన టూ స్ట్రోక్ బండ్ల గేరుబాక్సుకు 10డబ్ల్యూ-30 మోటారు ఆయిల్ అంది. గేర్లకు గేరు ఆయిలే కావాలన్నది నిజమైతే, 1985 నుంచి మన రోడ్ల మీద తిరుగుతున్న ఫోర్ స్ట్రోక్ హీరో హోండాల గేరు పళ్లు ఏనాడో అరిగిపోయి ఉండాలి. వాటికి దొరికేది ఇంజిన్ ఆయిలే, అదీ మసి పట్టినది. వేరే గదిలో శుభ్రంగా ఉండే టూ స్ట్రోక్ గేర్లకు అంతకన్నా సుఖం ఏముంటుంది?

2టీ సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది కాలిపోవడానికి పుట్టిన నూనె. పెట్రోలులో తేలిగ్గా కలవాలని ద్రావకం కలిపి, బూడిద మిగలకుండా చేస్తారు. నెలల తరబడి పళ్ల మధ్య నిలిచి పనిచేసే గుణం దానికి ఇవ్వలేదు.

ఇంజిన్ ఆయిల్ అన్నంత మాత్రాన ఏదైనా సరే అనుకోవడం కూడా పొరపాటే. 1990ల్లో కార్లకు పెట్రోలు ఆదా చేసే ఆయిళ్లు వచ్చాయి, వాటిలో రాపిడి తగ్గించే మందులు కలిపారు. కారు క్లచ్ పొడిగా ఉంటుంది కనుక దానికి నష్టం లేదు, నూనెలో మునిగిన బైకు క్లచ్‌కు మాత్రం జారుడు మొదలైంది. దానికి జవాబుగా జపాన్ సంస్థ జాసో 1998లో ప్రమాణం పెట్టింది. నూనెలో క్లచ్ పలకలను పట్టించి, జారించి, ఆపి చూసి, పట్టు నిలిస్తే ఎంఏ అని గుర్తు ఇస్తారు. రాపిడి తక్కువగా ఉంటే ఎంబీ, అది గేర్లు లేని స్కూటర్లకు. ఇవాళ ఆదోనిలో ఫోర్ స్ట్రోక్ బైకులకని అమ్మే 20డబ్ల్యూ-40 డబ్బా వెనక్కి తిప్పితే తరచుగా ఎంఏ కనబడుతుంది. ఖరీదు ఎక్కువ అన్న మాటా నిలవదు, ఆర్‌ఎక్స్ గేరుబాక్సులో పట్టేది అర లీటరుకు కాస్త ఎక్కువ, లీటరు డబ్బా కొంటే ఇంకా మిగులుతుంది. ట్రాక్టరు నుంచి తీసిన పాత ఆయిల్ ఉచితంగా వస్తుందని పోసేవాళ్లు మాత్రం మసిని, ఆమ్లాన్ని శుభ్రమైన గదిలోకి చేతులారా తెచ్చుకుంటున్నారు.

చివరగా, ఆయిల్ తగ్గిపోతోంది, ఎగ్జాస్టు నుంచి తెల్ల పొగ వస్తోంది కాబట్టి చిక్కటిది పోశాం అనేవాళ్ల సంగతి. గేరుబాక్సుకూ క్రాంక్‌కేసుకూ మధ్య అడ్డుగా ఉన్నది ఒక రబ్బరు ఆయిల్ సీలు. అది గట్టిపడి పెదవి అరిగితే, క్రాంక్‌కేసు గుంజే ప్రతిసారీ గేరుబాక్సు నూనె అటు పోయి కాలిపోతుంది. డ్రైన్ బోల్టు విప్పి పట్టిన నూనెను కొలిస్తే తగ్గుదల తెలుస్తుంది. కొన్నిసార్లు పెట్రోలే ఇటు వచ్చి నూనె పల్చబడి వాసన కొడుతుంది. ఏ గ్రేడూ ఈ సీలుకు బదులు కాదు. చిక్కటి నూనెతో పొగ కొన్నాళ్లు తగ్గినట్టు కనిపించవచ్చు, ఆలోగా గాలి లీకుతో ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేసే ప్రమాదం పెరుగుతూనే ఉంటుంది. ముందు సీలు మార్పించి, ఆ తర్వాతే ఎంఏ డబ్బా విప్పాలి.