రంగు నుంచి కుట్టుకు: పామిడి బట్టల బజారు

కరువుసీమలో ఒక చిన్న ఊరు బట్టల వ్యాపారానికి పేరు తెచ్చుకుందంటే దాన్ని వింతగానే చెప్పుకుంటారు. గుత్తికి, అనంతపురానికి నడుమ పెన్న ఒడ్డున ఉన్న పామిడి సంగతీ అంతే. అభిమానం కొద్దీ దీన్ని రెండో బొంబాయి అనేవాళ్లున్నారు. ఊరి మీద ప్రేమతో పుట్టిన పోలికను తూకం వేయనక్కర్లేదు. దాని వెనకున్న ప్రశ్న మాత్రం గట్టిదే. రేవు లేదు, మిల్లుల బారు లేదు, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, అదీ నమ్మకం లేకుండా పడే వాన. ఇలాంటిచోట నైటీలు, లంగాలు కుట్టి నాలుగు జిల్లాలకు అమ్మే బజారు ఎలా నిలబడింది? వాన కురవకపోతే జనం వలసపోతారన్నది అనంతపురం గురించి అందరికీ తెలిసిన కథ. పామిడి బజారు చెప్పే కథ వేరు. పొలం మీద మొదటినుంచీ ఆధారపడని వృత్తులవాళ్లు ఒకచోట నిలదొక్కుకుని, కాలం మారినప్పుడల్లా ఊరు మారకుండా పని మార్చుకున్నారు. ఈ బజారు వైవిధ్యానికీ, ఆయుష్షుకూ మూలం అదేనని నా వాదన.

బజారుకు వెన్నెముకలాంటి వాళ్లు భావసార క్షత్రియులు. పాత రికార్డుల్లో వీళ్ల పేరు రంగారులు. రంగులద్దేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, మూలం మరాఠా దేశం, దాదాపు తెలుగు జిల్లాలన్నిటా ఉన్నారు, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, అంబాభవానిని కొలుస్తారు అని 1891 మద్రాసు జనాభా లెక్కల నివేదిక రాసింది. 1909లో వచ్చిన థర్‌స్టన్ కులాల గ్రంథం ఆ సమాచారాన్నే తిరిగి చెప్పింది. వాళ్లు చెప్పుకునే పుట్టుక కథ పరశురాముడి నాటిది. ఆయన గొడ్డలికి దొరక్కుండా హింగుళాదేవి శరణు చొచ్చి, కత్తి వదిలి సూదీ రంగూ పట్టామంటారు. చరిత్రకారుడికి ఇది సాక్ష్యం కాదు గానీ, పని మార్చి బతికామని ఒక కులం తన మూలకథలోనే చెప్పుకోవడం గమనించదగ్గది. వీళ్ల రాకకు తేలికైన సమాధానం ఒకటి దగ్గర్లోనే ఉంది. 18వ శతాబ్దం నడుమ గుత్తి కోట మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చేతిలో ఉంది, 1776లో హైదరలీ దాన్ని పట్టుకున్నాడు. కాబట్టి ఆ దండు వెంట వచ్చి ఉంటారని అనుకోవచ్చు. కొందరు అలా వచ్చి ఉండవచ్చు కూడా. కానీ రంగారులు మరాఠా కోటలున్నచోటే కాక తెలుగునేల అంతటా కనబడుతున్నప్పుడు, ఒక సర్దారు దండుతో మొత్తం వలసను వివరించలేం. అంతకన్నా పెద్ద ఆకర్షణ పని.

ఆ పనికి పెన్న ఎలా సరిపోయిందో చూడాలి. పాత పద్ధతిలో బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టాలి, పటిక పట్టించాలి, చిరివేరుతో ఎరుపో నీలిమందుతో నీలమో ఎక్కించాలి, మళ్లీ మళ్లీ ఉతికి ఎండలో ఆరేయాలి. దీనికి రైతు కోరుకునే నది అక్కర్లేదు. సన్నగా పారే తేట నీళ్లు, బట్టలు పరిచేందుకు మైళ్ల కొద్దీ ఇసుక, మబ్బు పట్టని ఆకాశం చాలు. సేద్యానికి శాపమైన వాతావరణం అద్దకానికి అనుకూలం. చుట్టూ తాలూకాల్లో నల్లరేగళ్లు పత్తి పండించేవి, మగ్గాలు గుడ్డ నేసేవి. కాబట్టి సరుకు కోసం దూరం పోవలసిన అవసరం ఉండేది కాదు.

కరువులో మొదట ఆగిపోయేది బట్టల కొనుగోలే కదా, మరి కరువునేలలో బట్టల బజారుకు బలం ఎక్కడిది అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. తిండిగింజలు కొనలేనివాడు పంచె కొనడు. 1876–78 కరువులో మద్రాసు ప్రభుత్వం నేతగాళ్లకు నూలు ఇచ్చి ప్రత్యేకంగా ఆదుకోవలసి వచ్చింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలోనే కలిసి ఉంది (విడిపోయింది 1882లో). 1871, 1881 లెక్కల మధ్య ఆ ఉమ్మడి జిల్లా జనాభా సుమారు ఐదో వంతు తగ్గింది. అయితే చుట్టుపక్కల ఊళ్ల గిరాకీనే నమ్ముకున్న వ్యాపారం దెబ్బతింటుంది గానీ, మూట కట్టుకుని వాన పడిన సీమకు పోగలిగిన వ్యాపారం బతుకుతుంది. రైతు భూమిని మోసుకుపోలేడు. రంగారి తన సరుకునీ పనితనాన్నీ సంతకు మోసుకుపోగలడు.

అద్దకాన్ని చంపింది కరువు కాదు, రసాయనశాస్త్రం. చిరివేరు ఎరుపుకు పోటీగా 1869లో కృత్రిమ అలిజరిన్ తయారైంది, 1897 నుంచి జర్మనీ కృత్రిమ నీలిమందు మార్కెట్లోకి వచ్చింది. తరాల కొద్దీ దాచుకున్న రంగుల గుట్టు డబ్బాల్లో అమ్మకానికి వచ్చేసింది. వెనకే మిల్లు అచ్చుగుడ్డ చౌకగా దిగింది. ఇలాంటి దెబ్బకు ఎన్నో అద్దకపు ఊళ్లు పేరు లేకుండా పోయాయి. ఇక్కడ మాత్రం రంగు పోయినా సూది మిగిలింది. 1891 నివేదిక రెండు పనులనూ ఒకే కులానికి చెప్పడం అందుకే ముఖ్యం. సింగర్ మిషన్లు దేశంలోకి వచ్చేనాటికి కుట్టుపని తెలిసిన ఇళ్లు సిద్ధంగా ఉన్నాయి.

లండన్ బ్రిక్ లేన్‌ను పామిడి పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ 1743లో ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు కట్టుకున్న ప్రార్థనాలయం 1898లో యూదుల సినగాగ్ అయింది, 1976లో బంగ్లాదేశీయుల మసీదు అయింది. మూడు జనాలూ బతికింది బట్టల పని మీదే. అంటే వీధిలో పని నిలిచింది, మనుషులు మారారు. పామిడిలో మనుషులు నిలిచారు, పని మారింది. నగరాల గురించి రాసేవాళ్లు మొదటిరకం వీధినే వైవిధ్యానికి నమూనాగా చూపిస్తారు. రెండోరకం మన చిన్న ఊళ్లలో ఎక్కువ, కానీ ఎవరి కంటా పడదు.

భావసారులు ఒక్కరితోనే బజారు కాలేదు. అప్పిచ్చి తానులు తెప్పించే కోమట్లు, కుట్టుపనిలో ముస్లిములు, పత్తి ఏకి బొంతలు కుట్టే దూదేకులవాళ్లు, నేతకులాలు రాయలసీమ బట్టల బజార్లన్నిటా కనిపించేవాళ్లే. వీళ్లను కలిపింది సామరస్యం మీద ఉపన్యాసాలు కావు, ఒకరి చేతిలో సగమైన సరుకు మరొకరి చేతిలో పూర్తయ్యే ఏర్పాటు. ఇదంతా ఎందుకు, హైదరాబాదు–బెంగళూరు రహదారే పామిడిని పెంచిందని సూటిగా తేల్చేసేవాళ్లూ ఉంటారు. రహదారి మేలు చేసిందనడంలో సందేహం లేదు. 2010 దాకా 7వ నంబరు, ఆ తర్వాత 44వ నంబరుగా పిలిచే ఆ దారిమీద లారీ ఎక్కితే బేలు తెల్లారేసరికి చేరుతుంది. కానీ అదే దారిమీద గార్లదిన్నె ఉంది, పెనుకొండ ఉంది. అదే పెన్న ఒడ్డున తాడిపత్రి ఉంది, అది నాపరాళ్లకూ సిమెంటుకూ పేరుపడింది. దారి సరుకును చేరుస్తుంది. తాను పరిచి కత్తిరించే చెయ్యి ఊళ్లో ముందే ఉండాలి.

ఆ చెయ్యికి పెద్ద అవకాశం రెడీమేడ్‌తో వచ్చింది. రెడీమేడ్ దుస్తుల తయారీని చిన్న పరిశ్రమలకే కేటాయించిన విధానం 2000 చివరిదాకా నడిచింది. పెద్ద ఫ్యాక్టరీలు రాలేని ఆ కాలంలో చిన్న ఊళ్లు కుదురుకున్నాయి. నైటీ ఈ పద్ధతికి అచ్చంగా సరిపోయే బట్ట. కొలతల పేచీ తక్కువ, ఫ్యాషన్ నెమ్మదిగా మారుతుంది, పల్లెటూరి ఇంట్లోనూ రోజువారీ కట్టు అయిపోయింది. గుడ్డ బయటి రాష్ట్రాల నుంచి వస్తుంది. బల్లమీద పొరలు పొరలుగా పరిచి మిషన్‌తో కోస్తారు, డజన్ల లెక్కన కట్టలు కట్టి ఇళ్లకు పంచుతారు, కుట్టి ఓవర్‌లాక్ చేశాక మళ్లీ కొట్టుకు చేరతాయి. ఇక్కడే బలమైన అభ్యంతరం ఉంది. ఇంట్లో మిషన్ ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లు, వాళ్లకు దక్కేది పీసుకింత అని కుట్టుకూలి. గల్లాపెట్టె దగ్గర వాళ్లు కనబడరు. కాబట్టి వృత్తులవాళ్ల తెలివి అని పొగిడితే సగం నిజమే చెప్పినట్టు. ఈ బజారు చౌక వెనక వేరుశనగ ఎండిన ఏడు కూలి దొరకని ఇల్లాలి అవసరం ఉంది. ఇందాకటి వాదనను ఇది కొట్టివేయదు గానీ సరిదిద్దుతుంది. కరువు ఈ బజారుకు గిరాకీని తగ్గించింది, చేతులను మాత్రం పెంచింది.

2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బట్టల వ్యాపారులు దేశమంతటా గగ్గోలు పెట్టారు. వెయ్యి రూపాయల లోపు దుస్తులకు 5 శాతమే కాబట్టి ఇలాంటి సరుకుకు రేటు పెద్ద బరువు కాదు. ఆ హద్దు 2025 సెప్టెంబరులో 2500కు పెరిగినా నైటీకి ఒరిగింది లేదు. అసలు బరువు లెక్కలది. చిట్టా పుస్తకం మీద, మాట మీద, అరువు మీద నడిచిన గొలుసులో ప్రతి చేతికీ బిల్లు కావలసి వచ్చింది. దానికన్నా పెద్ద పోటీ ఇప్పుడు ఫోన్‌లో ఉంది. నిన్నటిదాకా గుడ్డ అమ్మిన సూరత్‌లాంటి నగరాలు కుట్టిన బట్టనే నేరుగా ఇంటి గడపకు పంపుతున్నాయి. తానుకు, కొనేవాళ్లకు మధ్యనున్న కుట్టు దగ్గరే పామిడి ఇన్నాళ్లూ బతికింది. ఆ మధ్యస్థానం ఇరుకైతే, అలిజరిన్ నాడు సూది ఉన్నట్టు ఈసారి చేతికందే రెండో పని ఇంకా కనబడటం లేదు. సంతల్లో అరువిచ్చే చిల్లర వ్యాపారులు మాత్రం ఇప్పటికీ మూటలు కట్టించుకుపోతున్నారు. మాట మీద అరువు ఇవ్వడం ఫోన్‌కు ఇంకా చేతకాలేదు.