మా అవ్వ ఉంగరం, పద్నాలుగు కారెట్ల కాలం

తిరువలానికి మనవాళ్ళు ఎప్పుడు వచ్చినారని పిల్లలు అడుగుతుంటారు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివే. కలెక్టరు కచేరీ ఉండింది చిత్తూరులో. అక్కడ నీవా అనే ఏరే మా ఊరి దగ్గర పొన్నై. ఆ ఏటి వెంబడే మా పెద్దలు వచ్చినారు, ఇక్కడే నిలిచిపోయినారు. తమిళంలో పొన్ అంటే బంగారం కదా, "ఏట్లో ఉండే బంగారం మన పెట్లో లేదు" అని మా అవ్వ నవ్వేది.

అవ్వ పెట్లో ఉన్నది ఒక్క ఉంగరం. 1963 వైశాఖంలో ప్రధానం నాడు తాత తరఫువాళ్ళు పెట్టింది, మధ్యలో చిన్న కెంపు. ఈ ఏడు మా ఇంటి పిల్లకు నిశ్చితార్థం కుదిరింది. వజ్రపుటుంగరం చూద్దామంటే, "నాకు జేజమ్మ ఉంగరమే కావాల" అనింది. ఆ ఉంగరం పేరెత్తితే పెద్దవాళ్ళం మాట్లాడక ఊరకుండిపోయినాం. ఎందుకో చెప్తాం.

తాత తొందరగా పోయినాడు. 1984లో మా చదువులకని నాయన ఆ ఉంగరాన్ని గుడియాత్తంలో కుదువ పెట్టబోయినాడు. అంగడాయన గీటురాయి మీద గీసి, "ఇందులో సగానికి దగ్గర రాగే ఉంది" అన్నాడట. నాయనకు తల కొట్టేసినట్టయింది. చేసిన ఆచారి మా ఊరివాడే. ఆ పొద్దు నుంచి ఆయన ఇంటికి మావాళ్ళు పోలేదు, మా పెండ్లిండ్లకు ఆయన్ని పిలవలేదు. "ఆయన అట్లాంటోడు కాదురా" అని అవ్వ ఎన్నిసార్లు చెప్పినా ఎవరం వినలేదు. పిల్లలం మేము కూడా ఆ మాటే పట్టుకుని పెరిగినాం.

ఇప్పుడు శుభ్రం చేయించేదానికని వేలూరుకు తీసుకుపోతే, కారెట్ మీటర్‌లో బంగారం 58 పాళ్ళు చూపించింది. అక్కడుండే పెద్దాయన, "పెండ్లి ఏ సంవత్సరం?" అనడిగినాడు. అరవైమూడు అన్నాం. "అయితే ఆచారి చట్టం ప్రకారమే చేసినాడు" అన్నాడు.

అది బంగారం నియంత్రణ కాలం. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. ఆడవాళ్ళు గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చిన రోజులవి. విదేశీ మారకం కరువు, దొంగ బంగారం ఎక్కువ. ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చినాడు. 14 కారెట్లకు మించిన కొత్త నగ చేయకూడదన్నారు. 24 పాళ్ళలో 14 పాళ్ళంటే వందకు 58 పైచిలుకు. మన ఆడవాళ్ళు అలవాటు పడిన 22 కారెట్లంటే వందకు 91.6. జనం 14 కారెట్ల నగను ఇష్టపడలేదు, ఆచార్లకు పని పోయింది. దేశంలో కొందరు కంసాలులు ప్రాణాలే తీసుకున్నారు. ఆ 14 కారెట్ల హద్దును 1966లో ఎత్తేసినారు గానీ, 1968లో బంగారం నియంత్రణ చట్టమే వచ్చింది. అది రద్దయింది 1990లో.

ఇంటికొచ్చి తాత ట్రంకుపెట్టె వెతికినాం. పాత పంచాంగంలో మడిచిన చీటీ దొరికింది. బరువు, కూలి, కింద "14 కా." అని ఆచారి చేతిరాత. ఆయన ఏదీ దాచలేదు. చీటీ మా ఇంట్లోనే ఉంది, మేమే చూడలేదు.

నగ కొనేవాళ్ళకు ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. తక్కువ కారెట్లంటే మోసం కాదు, చెప్పకుండా అమ్మితేనే మోసం. రాయి బిగించే ఉంగరానికి 18 గానీ 14 గానీ మేలంటారు. 22 మెత్తన, రాయిని పట్టే కాళ్ళు తొందరగా అరుగుతాయి. ఇప్పుడు హాల్‌మార్క్ ఉంది. 22కి 916, 18కి 750, 14కి 585 అని ముద్ర ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ కూడా ఉండాల. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు. బిల్లులో బంగారం బరువు, రాయి బరువు, తరుగు, కూలి వేరువేరుగా రాయించుకోండి.

మా అవ్వ ఉంగరంలాంటి పాత నగలకు జాగ్రత్త ఇంకా ఎక్కువ. రాయి వెనక మూసిన గూడు ఉంటే లోపల లక్కో, మెరుపు రేకో ఉంటుంది. నీళ్ళలో నానబెడితే రాయి కళ పోతుంది. తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో ఒత్తాల. వెనక తెరిచి ఉండే వజ్రాల నగను గోరువెచ్చని సబ్బునీళ్ళలో మెత్తని బ్రష్‌తో కడగొచ్చు. ముత్యాలను, పచ్చలను నానబెట్టొద్దు. బ్లీచింగ్ నీళ్ళలో చెయ్యి పెట్టేముందు ఉంగరం తీసెయ్యండి. వజ్రం పక్క నగలను గీరుతుంది కాబట్టి దేనికది వేరే గుడ్డలో చుట్టాల. 14 కారెట్లలో రాగి, వెండి ఎక్కువ, కాబట్టి నల్లబడుతుంది. అది కల్తీకి గుర్తు కాదు.

మా పక్కనే ఉండే ఆర్కాడు నవాబు 1777లో ఇంగ్లండు రాణి షార్లెట్‌కు వజ్రాలు పంపించినాడు. ఆర్కాట్ డైమండ్స్ అని వాటికి ప్రపంచమంతా పేరుంది. ఏ చేతికి ఎప్పుడు మారినాయో పుస్తకాల్లో రాసిపెట్టినారు. మా ఇంటి ఉంగరం కథను మాత్రం మేము తప్పుగా చెప్పుకున్నాం, నలభై ఏండ్లు.

ఆచారి ఇప్పుడు లేడు. ఆయన మనవడు కాట్పాడిలో ఉంటాడని తెలిసి, తాంబూలం పట్టుకుని పోయినాం. చీటీ చూపించి, జరిగింది చెప్పినాం. ఆ పిల్లోడు చానాసేపు చీటీనే చూసి, "మా తాత రాత నా దగ్గర ఒక్కటీ లేదు, ఫోటో తీసుకోవచ్చా?" అన్నాడు. చీటీనే ఇచ్చేసినాం. మాకు ఫోటో చాలు. నిశ్చితార్థానికి ఆ ఇంటిల్లిపాదీ వచ్చినారు. అవ్వ ఉండింటే బాగుండు.