నాలుగు కళ్లు ఎందుకు కనబడలేదు?

1991 నవంబరులో మైకేల్ జాక్సన్ ‘బ్లాక్ ఆర్ వైట్’ పాట టీవీల్లోకి వచ్చింది. చివర్లో కొందరు తలలూపుతూ పాడతారు. చూస్తుండగానే ఒకరి ముఖం ఇంకొకరిదైపోతుంది. మగవాడు ఆడమనిషి అవుతాడు, పొట్టి జుట్టు పొడుగ్గా సాగుతుంది. ఎక్కడా అతుకు కనబడదు. ఎలా చేశారు?

ముందు అనుమానం డిజాల్వ్ మీదికే పోతుంది: ఒక బొమ్మ వెలిసిపోతుంటే రెండోది తేలడం. పాత సినిమాల్లో మనుషులు రూపాలు మార్చింది ఎక్కువగా అలాగే. కానీ మార్పు సగంలో ఉండగా ఫ్రేమును ఆపి చూడండి. ఒట్టి డిజాల్వ్ అయితే రెండు ముఖాలూ ఒకదానిమీదొకటి పడి నాలుగు కళ్లు కనబడాలి. ఇక్కడ రెండే ఉన్నాయి. అంటే రంగులు కలిసేలోపే కళ్లు ఒకే చోటికి జరిగాయి.

జరిపిందెవరు? 1988లో వచ్చిన ‘విల్లో’ సినిమాలో ఒక ఆధారం దొరుకుతుంది. అందులో మంత్రగత్తె మేక నుంచి మొదలై కొన్ని జంతువులు దాటి మనిషవుతుంది. అక్కడ బొమ్మల మీద గళ్ల వల పరిచి, ఒక బొమ్మ మీది ముడులను రెండో బొమ్మ మీది ముడులతో జతచేశారు. అయితే అవసరం లేనిచోట కూడా ముడులను సర్దాల్సిందే.

పాట రహస్యం 1992లో సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సు పత్రంలో బయటపడింది. రాసినవారు థాడియస్ బియర్, షాన్ నీలీ. నీలీ ఆ దృశ్యం చేసిన పసిఫిక్ డేటా ఇమేజెస్ సంస్థ మనిషి. వాళ్లు వలను వదిలేశారు. మొదటి ముఖంలో కనుబొమ్మ, ముక్కు, దవడ వెంట గీతలు గీసి, రెండో ముఖంలో వాటికి జంట గీతలు గీశారు. ప్రతి పిక్సెల్‌నీ అన్ని గీతలూ లాగుతాయి, దగ్గరి గీత గట్టిగా లాగుతుంది.

నాకు ఎంతో నచ్చిన మలుపు ఇది: కంప్యూటర్ పాత పిక్సెళ్లను ముందుకు నెట్టదు. అలా నెడితే మధ్యలో ఖాళీలు మిగిలిపోతాయి. అందుకే ఖాళీ ఫ్రేములోని ప్రతి చుక్క దగ్గరా ఆగి, ‘నువ్వు అసలు బొమ్మలో ఎక్కడున్నావు?’ అని వెనక్కి వెతుకుతుంది. రెండు ముఖాలనూ అలా ఒకే నడిమి ఆకారానికి వంచాక, అప్పుడు డిజాల్వ్ చేస్తుంది. మన మొదటి అనుమానం సగం నిజమే.

తలలు ఊగుతున్నాయి కదా, మరి గీతలో? కొన్ని కీలక ఫ్రేముల్లో మనిషి గీస్తే, మధ్య ఫ్రేముల్లో వాటి చోటును కంప్యూటర్ లెక్కకట్టింది. కంటికి జోడీ కన్నేనని దానికి తెలియదు. జత కలిపింది గీసిన చెయ్యే.